అవ్వ చేను మీది గాలి

"మేడం, మీరు జర కదలకుండ కూసోండ్రి. మీరిటు వంగితే రసమట్టంల బుడగ అటు ఉరుకుతది" అని చెప్పి టెక్నీషియన్ భానుప్రసాద్ జాకీ చంకన పెట్టుకుని ఇనుప డబ్బా కిందికి దూరాడు. నర్మద కూర్చుంది. కూర్చోవడం ఆమెకు కొత్తేం కాదు. మూడు వానాకాలాలుగా ఈ డబ్బాలో, ఈ కుర్చీలోనే కూర్చుని దాని మెత్తకు గుంట పెట్టింది. కానీ ఈ సాయంత్రం కూర్చోవడం వేరు, ఈ సాయంత్రం ఏదో ఒకటి తేలిపోవాలి. నెత్తి మీద, డబ్బా కప్పు పైన, పెద్ద పళ్లెంలాంటి రాడార్ నిటారుగా ఆకాశంలోకి చూస్తోంది. మధ్యాహ్నం ఆసిఫాబాద్ గుట్టల మీద దంచికొట్టిన మబ్బు పైభాగం విప్పారి, తూర్పుగాలి వెంట ఆదిలాబాద్ దాకా వచ్చి పరుచుకుంది, ఏకిన దూదిలా పల్చగా, తెల్లగా. అంత ఎత్తున నీటిచుక్క ఉండదు, అంతా మంచుపలుకులే. ఆ మంచుమబ్బులో గాలి నిజంగా పైకి లేస్తోందా, లేక రాడారే వంగి నిలబడి ఇన్నాళ్లూ తనను బోల్తా కొట్టించిందా? మొదటిదైతే లోకానికి చెప్పిన మాట నిలబడుతుంది, ఈ రాడార్ మిషన్ ఇక్కడే ఉంటుంది, తను ప్రతి వానాకాలం కన్నతల్లి చేనుకు, అవ్వ చేనుకు వస్తుంది. రెండోదైతే మాట పోతుంది, మిషనూ పోతుంది, ఆదిలాబాద్ బస్సెక్కడానికి ఒక్క సాకైనా మిగలదు. అదీ సంగతి.

కింద జాకీ కిర్రుమంది. నేల ఏమాత్రం లేచినట్టు అనిపించలేదు, అనిపించదు కూడా, లేవాల్సింది వెంట్రుకవాసి. వెంట్రుకవాసికి ఇంత పరేషానా అని బయటివాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. లెక్కయితే చిన్నదే. మంచుపలుకు కిందికి పడుతూ ఉంటుంది, గాలి దాన్ని కింది నుంచి మోస్తూ ఉంటుంది. రాడార్‌కు కనిపించేది పలుకు మొత్తం మీద ఎంత వేగంగా తన వైపు వస్తోందన్నదే. అందులో పలుకు పడేది ఎంత, గాలి మోసేది ఎంత అని విడదీయాలి. విడదీయడంలోనే జుట్టు నెరిసింది. ఇదే లెక్కను మొదటిసారి చూసింది ఎక్కడ? ఏ కాలేజీలోనూ కాదు, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో. అవ్వ సక్కుబాయి తోటి ఆడవాళ్లతో వరుసగా కూర్చుని పత్తిలోంచి ఎండాకులు, చెత్త ఏరేది. రేకుల కప్పుకు ఒక చిల్లు, ఆ చిల్లులోంచి ఎండ గుంజలా దిగేది, ఆ ఎండలో దూది నూగు పడకుండా, లేవకుండా వేలాడుతూ ఉండేది. దాన్ని పట్టుకోవాలని చెయ్యి చాస్తే అటు తప్పుకునేది, అల్లరి పిల్లలాగా. "అగ నర్మదా, మిషిని దగ్గరికి పోకు, చెయ్యి పోతది" అని అవ్వ అరిచేది, ఆ అరుపు కూడా మిల్లు మోతలో సగమే వినిపించేది. అన్నాల వేళకు మోత ఆగేది. అప్పుడు చూడాలి, అంతసేపూ గాలిలో నిలిచిన నూగంతా మెల్లగా దిగి ఆడవాళ్ల తలల మీద, సద్దిగిన్నెల మీద, జొన్నరొట్టెల మీద వాలేది. అవ్వ రొట్టెను దులిపి నోట్లో పెట్టేది. ఆ రొట్టెలో దూది రుచి ఉండేదని ఇప్పుడు ఎవరికి చెప్తే నమ్ముతారు? మిల్లు ఆగితే కానీ నూగు సొంతంగా ఎట్లా పడుతుందో తెలిసేది కాదు. ఆకాశంలో మిల్లు ఆపే మనిషి లేడు కదా, అందుకే పలుకు ఎంత పెద్దదో చూసి, అది ఎంత వేగంగా పడాలో లెక్కగట్టి, మిగిలింది గాలి ఖాతాలో వేయడం.

అట్లా మిగిలింది సెకనుకు జానెడు. ఉరుముల మబ్బు చచ్చిపోయి, వాన వెలిసి, జనం గొడుగులు మడిచాక కూడా దాని పైభాగాన పరుచుకున్న మంచుమబ్బులో గాలి జానెడు చొప్పున లేస్తూనే ఉంది. అందుకే ఆ మబ్బు కరిగిపోకుండా గంటల తరబడి నిలుస్తోంది. ఎంత సంబరపడింది ఆ రోజు! చిన్నపిల్లలా డబ్బా చుట్టూ ఒక చక్కరు కొట్టింది, భానుప్రసాద్ ముక్కు మీద వేలేసుకున్నాడు. సైన్సు పత్రికలో వచ్చింది, ఎక్కడెక్కడి వాళ్లో ఆ జానెడును తీసుకుపోయి తమ లెక్కల్లో కలుపుకున్నారు, హైదరాబాద్‌లో ఆఫీసు పెద్దాయన కరుణాకర్ సారు స్వీట్లు పంచాడు. ఆ కరుణాకర్ సారే మొదట్లో ఈ చోటు వద్దన్నాడు. వేరే జిల్లాలో గుట్ట ఉంది, రాతినేల, అక్కడ పెడదామన్నాడు. నర్మద ఒంటికాలి మీద లేచింది. గుట్ట మీదికి కరెంటు లేదు, సరైన దారి లేదు, నీళ్లు లేవు, మా అవ్వ చేను చూడండి అద్దంలా చదునుగా ఉంది, రోడ్డు పక్కనే ఉంది, కిరాయి కూడా అడగదు అని ఏకరువు పెట్టింది. చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఒకటే ఉంది: అవ్వ పెద్దదైపోయింది, ఏడాదికి నాలుగు నెలలైనా ఆమె దగ్గర ఉండాలి, ఆమె చేతి రొట్టె తినాలి. ప్రభుత్వపు కాగితంలో ఆ మాట రాయడానికి గడి ఉండదు.

అవ్వేమో ఆ సంగతి మొదటి రోజే పట్టేసింది. "మబ్బుల కోసమొచ్చినవా, నాకోసమొచ్చినవా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పొయ్యి ముట్టించింది. నర్మద చెల్లెలి ఇంటి నుంచి రోజూ ఆటోలో చేనుకు వచ్చేది, డబ్బా నీడలో చాప పరుచుకునేది. డబ్బా కింద కాంక్రీటు దిమ్మె పోసిన చోట పత్తి పోయిందని ఒక్కనాడూ అనలేదు. పైగా మిషన్‌కు బొట్టు పెట్టింది! రాడార్‌కు పసుపు కుంకుమలేంటి మేడం, హైదరాబాదోళ్లు చూస్తే నవ్వుతరు అని భానుప్రసాద్ గొణిగితే, "నీ మొబైల్‌కు దండేసి దసరానాడు దండం పెట్టినవ్ గద, నేను సూడలేదనుకున్నవా?" అని వాడి నోరు మూయించింది. భానుప్రసాద్‌కు నలభై దాటాయి, కరీంనగర్ మనిషి, దేనికీ తగ్గని నోరు, అవ్వ ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. నర్మద పక్కన చాప మీద ఒరిగి ఆకాశం చూసేది. తెల్లటి మబ్బు తూర్పు నుంచి పడమటికి జారుతుండేది, అవ్వ జడలోంచి చింతపండు, వేపనూనె కలిసిన వాసన వచ్చేది, యాభై ఏళ్లు నిండిన మనిషికి తొమ్మిదేళ్ల పిల్లలా కళ్లు మూతలు పడేవి. అంత సుఖం ఇంకెక్కడా లేదు. లేదంతే.

"ఓ నూలుపోగంత ఎత్తిన మేడం!" కింది నుంచి భానుప్రసాద్. "ఎటు పోయింది బుడగ?" నర్మద మెడ మాత్రం తిప్పి నేల మీద పెట్టిన రసమట్టం చూసింది. గాజుగొట్టంలో గాలిబుడగ తూర్పు దిక్కు నుంచి గింజంత జరిగింది. "ఇంకా ఎత్తాలె భాను." "ఎత్తుత, ఎత్తుత. గీ జాకీ లారీలదే కాని, నా నడుము లారీది కాదు గద." ఆ పరాచికంలో కూడా భయం వినిపించింది. ఈ మధ్యాహ్నం దాకా ఆ భయం లేదు. మధ్యాహ్నం వానకు డబ్బా పక్కనున్న ఇటుకల గది తలుపు బిగుసుకుపోయింది. భానుప్రసాద్ భుజంతో గుద్ది, కాలితో తన్ని, చివరికి తెరిచి, చేతులు దులుపుకుంటూ అన్నాడు, "గీ వానకాలం తలుపుల లొల్లి మా దిక్కు లేదు మేడం, మాది ఎర్ర చెలుక. మీ నల్లరేగడి ఉన్నదే, మనిషి లెక్క ఉబ్బుతది, ఎండుతది." అనేసి చాయ్ పెట్టడానికి పోయాడు. నర్మద అక్కడే నిలబడిపోయింది. తలుపు చట్రం వంకర పోయిందంటే కింద పునాది కదిలినట్టు. గది పునాది కదిలితే, పక్కనే అదే మట్టిలో ఉన్న రాడార్ దిమ్మె ఏం చేస్తున్నట్టు?

తెలియనిదా! ఆ మట్టిలో పుట్టిన దానికి తెలియనిదా! వాళ్లింటి తలుపు కథ ఊరంతా చెప్పుకుని నవ్వేవారు. మృగశిర కార్తె రాగానే నేల ఉబ్బి వెనకగది తలుపు పట్టేసేది. బాపు చిత్రికతో తలుపు అడుగు కాస్త గీకేవాడు, తలుపు తిరిగేది. మళ్లీ ఏడు మళ్లీ పట్టేది, మళ్లీ గీకేవాడు. అట్లా ఏడాదికింత గీకీ గీకీ, ఎండాకాలం నేల దిగిపోయేసరికి ఆ తలుపు కింద ఎంత సందు పడిందంటే, కోడిపుంజు తల కూడా వంచకుండా లోపలికి నడిచి వచ్చేది. "నీ బాపు తలుపు చేసిండా, కోళ్లకు దర్వాజ చేసిండా?" అని అవ్వ, "వానకాలమొస్తే నువ్వే నన్ను మెచ్చుకుంటవ్" అని బాపు, పుంజు మాత్రం ఇద్దరినీ పట్టించుకోకుండా గింజలు ఏరుకునేది. ఎండాకాలం నెర్రెలు చేతులు పట్టేంత విచ్చుకునేవి. ఒకసారి చేనులో ఉరుకుతుంటే తన కాలి పట్టీ ఊడి నెర్రెలో పడిపోయింది. అవ్వ నేల మీద పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి వెతికింది, లోపల చల్లగా ఉందే అంది, పట్టీ దొరకలేదు. వానలకు నెర్రె మూసుకుపోయింది. ఒంటి పట్టీతో ఇంకో ఏడాది తిరిగింది తను, ఘల్లుమని ఒక కాలు, మూగగా ఒక కాలు. ఇన్ని తెలుసు. ఇన్ని తెలిసి కూడా కరుణాకర్ సారు ముందు అద్దంలాంటి నేల అంది. నేల మీద ప్రేమ ఉంటే నేల గుణం కనిపించదు కాబోలు. అవ్వ ఒళ్లో కూర్చున్నప్పుడు అవ్వ ఊపిరికి తను లేస్తూ దిగుతున్నానని ఏ పిల్ల గమనిస్తుంది?

పైగా ఆ మట్టి ఎంత గడుసుదో చూడండి. దిమ్మె చదునుగా ఉందా లేదా అని భానుప్రసాద్ ఏటేటా చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడు? ఎండాకాలంలో. అప్పుడైతే చేను గట్టిగా ఉంటుంది, సామాన్ల బండి రోడ్డు దిగి డబ్బా దాకా వస్తుంది, తీరిక ఉంటుంది. ఎండాకాలంలో మట్టి అంతటా ఒకే తీరుగా ఎండి దిగుతుంది, బుడగ నడిమధ్యన బుద్ధిగా కూర్చుంటుంది, అంతా బాగుందని సంతకం. వాన పడ్డాక తూర్పువైపు కాలువ దగ్గరి మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, పడమటివైపు రేకుల చూరు కింద తడవని మట్టి అంత ఉబ్బదు, దిమ్మె పడమటికి ఒరుగుతుంది. ఒరిగిన రాడార్‌కు పైనున్న తూర్పుగాలి తన నుంచి దూరంగా పోతున్నట్టు, అంటే పైకి పోతున్నట్టు కనిపిస్తుంది. ఆ గాలికి అక్కడ తుఫాను వేగం కాబట్టి, ఇక్కడి వెంట్రుకవాసి అక్కడ జానెడు కావడానికి ఎంతసేపు? మళ్లీ ఎండాకాలం వస్తుంది, మట్టి దిగుతుంది, తప్పు దానంతటదే మాయమవుతుంది. అవుతుంది అని కాదు, అయి ఉండవచ్చు. ఒరిగి ఉన్నా గాలి నిజంగానే పైకి పోతూ ఉండవచ్చు, ఒరుగు కలిపింది కొంతే అయి ఉండవచ్చు. చదును చేసి చూస్తే కానీ తేలదు. ఒరిగినప్పుడు ఎట్లుందో ఇందాక అరగంట కొలిచి పెట్టుకున్నారు, ఎప్పటిలాగే జానెడు.

"వచ్చింది! నడిమిట్లకు వచ్చింది సూడుండ్రి!" భానుప్రసాద్ మోకాళ్ల దాకా నల్లబురదతో తలుపు దగ్గర నిలబడ్డాడు. బుడగ మధ్యన ఉంది. "మేడం, గా జానెడు జానెడుగనే ఉంటే, ఏములాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకుంట. మీ పేరు మీద సుత ఒకటి." నర్మద నవ్వింది, నవ్వుతూనే మీట నొక్కింది. తెరపై కొత్త గీత మొదలైంది. సున్న దగ్గర ఒక అడ్డగీత, దానికి పైన ఉంటే గాలి లేస్తున్నట్టు, కింద ఉంటే దిగుతున్నట్టు. మొదట్లో గీత ఎగిరి దూకుతుంది, దాన్ని నమ్మకూడదు. కాసేపు పోతే సగటు కుదురుకుంటుంది. కుదురుకునేదాకా ఏం చేయాలి? చేసేదేం లేదు. గోళ్లు చూసుకుంది. గోళ్లు అవ్వవే, వెడల్పుగా, మొండిగా. ఆ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఆ గోళ్లను తనే కత్తిరించింది. పోయిన చలికాలం. కిటికీలోంచి మిల్లుల వైపు పత్తిబండ్లు పోతుంటే, ఎవరి పత్తో తెల్లగ వచ్చింది ఈ ఏడు అని మురిసింది. మాట సన్నబడింది అప్పటికి. ఉన్నట్టుండి అడిగింది, "నర్మదా, నీ మిషిని ఏమంటున్నది? మన చేను మీద గాలి మీదికి పోతున్నదా, కిందికి దిగుతున్నదా?" తను చెవిలో వంగి చెప్పింది, "మీదికే పోతున్నదే అవ్వా. మీదికే." అవ్వ మొహం ఎట్లా విప్పారిందో! సూది వేయడానికి వచ్చిన నర్సును ఆపి మరీ చెప్పింది, "మా చేను మీద గాలి మీదికి పోతదట బిడ్డా, నా బిడ్డ లెక్క చేసి చెప్పింది." నర్సుకు ఏం అర్థమైందో, అవునా అవ్వా అంది. అవ్వ కళ్లు మూసుకుంది. ఆమెకు మంచుపలుకులతో పనిలేదు, తన మట్టి మీద ఏదో మంచి జరుగుతోందని అర్థమైంది, ఆ మాటను వెంట తీసుకుని పోయింది. మూడో రోజుకు పోయింది.

గీత దిగుతోంది. ఇంకా కుదురుకోలేదులే అనుకుంది. దిగుతోంది. బయట వెలుతురు పచ్చబడింది, మబ్బు అక్కడే ఉంది, పల్చబడలేదు, మబ్బును అనడానికి ఏమీ లేదు. భానుప్రసాద్ చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి వినిపిస్తోంది. గీత బెత్తెడుకు వచ్చింది, రెండు వేళ్లకు వచ్చింది, చివరికి సున్న మీద వాలి ఇక లేవలేదు. నర్మద ఇంకా చూసింది. కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. చాయ్ మీద మీగడ కట్టింది. మంచుపలుకులు పైన తమ దారిన తాము మెల్లగా పడుతున్నాయి, వాటిని ఎవరూ మోయడం లేదు.

భానుప్రసాద్ చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. "మేడం, తప్పైతే మాఫ్ చేయిండ్రి. మే నెలల వచ్చి సూసేటోళ్లకు అంతా మంచిగనే కనవడతది. ఇగ జాకీలు పెట్టుకున్నం, ఇప్పటి సంది మంచిగ కొలుద్దం. పాత ముచ్చట ఎవ్వలకెరుక?" వాడు మిషన్ కోసం అనలేదని ఆమెకు తెలుసు. ఈ డబ్బా పోతే మేడం ఏమైపోతుందో అని అన్నాడు. ఉంచుకోవచ్చు. ఇంకో వానాకాలం, ఆపైన ఇంకొకటి. జాకీలతో రోజూ ఎత్తుతూ, దించుతూ. కానీ మట్టి రోజుకో తీరు కదులుతుంది, ఏ గంటకు ఎంత ఒరిగిందో ఎవరు చెప్తారు? గడిచిన సంవత్సరాల జానెడును ఎంతమంది నెత్తిన పెట్టుకున్నారో! ఫోన్ తీసింది. "సార్, నర్మదను. మన జానెడు తప్పు సార్. దిమ్మె ఒరిగింది. చదును చేసి కొలిస్తే గాలి లేస్తలేదు." కరుణాకర్ సారు మెల్లగా అడిగాడు, "అది మీ అమ్మ చేను కదా నర్మదా. అక్కడి నేల సంగతి నీకు తెలియదా?" "తెలుసు సార్" అంది. "పత్రికకు నేనే రాస్త సార్. మిషన్‌ను మీరన్న గుట్ట మీదికి తీసుకపోదాం." మంచిది, రేపు లారీ పంపిస్తాను, నువ్వు జాగ్రత్త అని ఆయన ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

డబ్బా దిగింది. చెప్పులు విడిచి చేనులో అడుగు పెట్టింది. బురద మడమల దాకా వచ్చి పట్టుకుంది, వెచ్చగా, వదలకుండా, ఈ మట్టి ఎప్పుడూ ఇంతే. పడమటి నుంచి పచ్చటి ఎండ పత్తిచెట్ల మీద పడుతోంది. పైన మబ్బు నిమ్మళంగా ఉంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, దాచుకోవడానికి ఇక్కడెవరున్నారని. "అవ్వా, గాలి మీదికి పోతలేదే" అంది పైకే. "నీకు నేను తప్పు చెప్పిన." భానుప్రసాద్ దూరాన రోడ్డు మీద బండి దగ్గర నిలబడి, ఇటు చూడకుండా చూస్తున్నాడు. ఇంట్లోంచి కదిలేటప్పుడు ఇక్కడ ఎవరైనా వస్తననే అంటారు, ఎంత దూరం పోయేవాళ్లయినా, ఎన్నేళ్లకు పోయేవాళ్లయినా. ఆ మాట నర్మద నాలుక చివరి దాకా వచ్చింది. అవ్వకు అబద్ధం చెప్పింది ఒకసారి చాలు.

"పోతున్న అవ్వా" అంది.